విద్యుత్ కారు హారన్ – మనమే మార్చుకోవడం ఎలా?



విద్యుత్ కారు కొన్న నెల రోజులకు చాలామంది నోట వినిపించే మాట ఒకటుంది. "బండి బాగుంది గానీ, హారన్ పీలగా ఉంది." ఆ వెంటనే రెండో మాట: "ఏదైనా గట్టి హారన్ వేయించాలి." స్క్రూడ్రైవరు, స్పానరు పట్టడం వచ్చినవారైతే ఈ చిన్న పనికి మెకానిక్ ఎందుకు, ఆదివారం పూట మనమే చేసుకుందాం అనుకుంటారు. చేసుకోవచ్చు. అయితే బానెట్ ఎత్తే ముందు మూడు ప్రశ్నలకు సమాధానం తెలిసి ఉండాలి. హారన్ నిజంగా పీలగా ఉందా, లేక దానికి అందాల్సిన కరెంటు అందడం లేదా? శబ్దాన్ని ఎంతవరకు పెంచవచ్చు, పెంచితే ఎంత లాభం? విద్యుత్ కారులో ఏ తీగను ముట్టుకోవచ్చు, ఏ తీగను ముట్టుకోకూడదు? ఈ ప్రసంగంలో ఈ మూడింటినీ వరుసగా చూద్దాం.

ఒక ఊరు, నాలుగు రకాల చెవులు

మాట గాలిలో తేలిపోకుండా ఒక ఊరిని ఉదాహరణగా పెట్టుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ పక్కన బోద్రీ అనే పట్టణం ఉంది. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల మీద శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో తరాలుగా ఉన్నాయి. మనవాళ్లకు పరిచయమైన ఊరే కనుక దాన్నే తీసుకుంటున్నాను.

మరో కారణం కూడా ఉంది. బోద్రీ రాయపూర్–బిలాస్‌పూర్ రహదారి మీద ఉంది. ఆ దారిలో లారీలు, బస్సులు వేగంగా పోతుంటాయి. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు భవనం కూడా బోద్రీలోనే ఉంది. లోపలికి వెళితే ఇళ్లు, సందులు, బడికి వెళ్లే పిల్లలు. దాపులోనే హావ్‌డా–ముంబయి రైలు మార్గం. అంటే పది నిమిషాల ప్రయాణంలో ఒకే హారన్ నాలుగు రకాల చెవులకు చేరుతుంది: అద్దాలు మూసుకున్న లారీ డ్రైవరు చెవి, రోడ్డు దాటే ముసలాయన చెవి, న్యాయస్థానంలో వాదన వింటున్నవారి చెవి, ఉయ్యాలలో నిద్రపోతున్న పసిబిడ్డ చెవి. మొదటి ఇద్దరికీ వినిపించాలి. చివరి ఇద్దరినీ ఇబ్బంది పెట్టకూడదు. హారన్ మార్చే పనిలోని అసలు చిక్కు ఇదే.

నిశ్శబ్దం తెచ్చిన చిక్కు

పెట్రోలు బండి, డీజిలు బండి కదిలితే ఇంజన్ చప్పుడే "వస్తున్నాను" అని చెబుతుంది. విద్యుత్ మోటారుకు ఆ చప్పుడు లేదు. వేగం గంటకు 20, 30 కిలోమీటర్లు దాటితే రోడ్డు మీద టైర్లు చేసే శబ్దం వినిపిస్తుంది కాబట్టి అప్పుడు పెద్ద తేడా ఉండదు. ఇబ్బంది అంతా నెమ్మదిగా వెళ్లేటప్పుడే. సందులో, బడి గేటు ముందు, వెనక్కి తీసేటప్పుడు బండి పక్కకు వచ్చేదాకా తెలియదు. చూపు లేనివారికి ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

రైల్వే కుటుంబాలకు ఈ చిక్కు కొత్త కాదు. బొగ్గు ఇంజన్ అంత దూరం నుంచే రొప్పుకుంటూ తన రాకను తానే చాటుకునేది. విద్యుత్ ఇంజన్‌కు ఆ రొప్పు లేదు. పట్టాల మీద నడిచేవారికి అది దగ్గరకు వచ్చేదాకా తెలియకపోవచ్చు. అందుకే ఇంజన్ కూత ప్రాధాన్యం తగ్గకపోగా పెరిగింది.

కార్ల విషయంలో ప్రపంచ దేశాలు దీనికి వేరే పరిష్కారం వెతికాయి. అమెరికాలో అంధుల సంఘాలు పట్టుబట్టడంతో పాదచారుల భద్రత కోసం ఒక చట్టం వచ్చింది. అది 2011 జనవరిలో అధ్యక్షుడి సంతకం పొందింది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో 138వది 2016లో రూపుదిద్దుకుంది. దాని ప్రకారం విద్యుత్ కారు గంటకు 20 కిలోమీటర్ల వేగం దాకా తనంతట తానే ఒక మృదువైన ధ్వని చేస్తూ ఉండాలి. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో కనీసం 50 డెసిబెల్స్, 20 కిలోమీటర్ల వేగంలో కనీసం 56 డెసిబెల్స్. ఎక్కువలో ఎక్కువ 75. ఐరోపా సమాజంలో 2021 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి విద్యుత్ కారుకూ ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో 2025 సెప్టెంబరులో రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ఇటువంటి ముసాయిదానే ప్రకటించింది. కొత్త నమూనాలకు 2026 అక్టోబరు 1 నుంచి, అప్పటికే తయారీలో ఉన్న నమూనాలకు 2027 అక్టోబరు 1 నుంచి అమలు చేయాలన్నది ఆ ప్రతిపాదన.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నెమ్మదిగా వెళ్లే విద్యుత్ కారు సమస్యకు పరిష్కారం 56 డెసిబెల్స్ మెత్తటి ధ్వనే గాని, 110 డెసిబెల్స్ అరుపు కాదు. హారన్ పని వేరు. ప్రమాదం దగ్గరపడినప్పుడు ఒక్క క్షణం పాటు ఎదుటివారిని హెచ్చరించడానికి మాత్రమే అది. మీ కారులో ఈ మెత్తటి ధ్వని చేసే స్పీకరు ఉంటే, హారన్ పనిలో పడి దాన్ని ఊడదీయకండి, దాని తీగలు వాడుకోకండి.

హారన్ లోపల ఏముంది?

1908 ప్రాంతంలో మిల్లర్ రీస్ హచిసన్ అనే అమెరికన్ రూపొందించిన 'క్లాక్సన్' అనే హారన్ ప్రపంచమంతా మోగింది. చెవి సరిగా వినపడనివారి కోసం విద్యుత్ వినికిడి యంత్రం చేసినవాడు కూడా ఆయనే. ఆనాటి క్లాక్సన్‌లో పళ్ల చక్రం ఒక పలకను గీరేది. ఇవాళ మన కార్లలో ఉండే హారన్ అంతకంటే సులువైన యంత్రం.

ఒక తీగచుట్ట, దాని ఎదుట పల్చటి ఉక్కు పలక, మధ్యలో ఒక కాంటాక్టు. పలకను డయాఫ్రం అంటారు. కరెంటు రాగానే తీగచుట్ట అయస్కాంతమై పలకను లాగుతుంది. పలక లోపలికి రాగానే కాంటాక్టు విడిపోతుంది, కరెంటు ఆగుతుంది, పలక వెనక్కి పోతుంది. కాంటాక్టు మళ్లీ కలుస్తుంది. పాతకాలపు కాలింగ్ బెల్లు సూత్రమే ఇది. ఈ రాకపోకలు సెకనుకు సుమారు 400 సార్లు జరిగితే 400 హెర్ట్జ్ పౌనఃపున్యం గల ధ్వని పుడుతుంది.

ఈ మూల స్వరంతో పాటు దాని గుణిజాలైన అనుస్వరాలు కూడా వస్తాయి. మన చెవికి అవి ముఖ్యం. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న గొట్టం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. ఒక చివర మూసిన గొట్టంలో అనునాదం ఎప్పుడు వస్తుందో ఇంటర్మీడియెట్‌లో చదువుకున్నాం: ధ్వని వేగాన్ని గొట్టం పొడవుకు నాలుగు రెట్లతో భాగించాలి. 340 మీటర్లను 0.1 మీటరుతో భాగిస్తే 3400 హెర్ట్జ్. అందుకే మన చెవి 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ధ్వనులకు అన్నిటికంటే చురుగ్గా స్పందిస్తుంది. హారన్ల అంతర్జాతీయ నిబంధన, అంటే 28వది, 1800 నుంచి 3550 హెర్ట్జ్ మధ్య తగినంత బలం ఉండాలని కోరడం ఇందుకే.

అయితే పెద్ద వయసులో ముందుగా తగ్గేది కూడా ఈ హెచ్చు పౌనఃపున్యాల వినికిడే. మూసిన కారు అద్దాలు కూడా కీచు ధ్వనినే ఎక్కువగా అడ్డుకుంటాయి, గంభీర ధ్వనిని అంతగా ఆపలేవు. కనుక ఒక్క కీచు హారన్ కంటే, ఒకటి తగ్గు, ఒకటి హెచ్చు స్వరాలు పలికే జంట మేలు. బజారులో దొరికే జంట హారన్లు సుమారు 400, 500 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. వీటి నిష్పత్తి 4:5. సంగీతం తెలిసినవారికి ఇది షడ్జానికి, అంతర గాంధారానికి మధ్య ఉన్న సంబంధం. వినడానికి ఇంపుగానూ ఉంటుంది, రెండు స్వరాల అనుస్వరాలు కలవడం వల్ల రద్దీలో విడిగానూ వినిపిస్తుంది. శబ్దం ఎటు నుంచి వస్తోందో పోల్చుకోవడానికి కూడా ఒంటరి స్వరం కంటే ఇలాంటి మిశ్రమ ధ్వనే చెవికి సులువు.

కాబట్టి హారన్ మెరుగుపరచడం అంటే మొదటి అర్థం తీవ్రతను పెంచడం కాదు, స్వరాన్ని సరిదిద్దడం.

డెసిబెల్ లెక్క

తీవ్రతను పెంచితే ఎంత లాభమో ఇప్పుడు లెక్క చూద్దాం. డెసిబెల్ మామూలు కొలబద్ద కాదు. ధ్వని సామర్థ్యం రెట్టింపయితే 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతాయి. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపయితే 6 డెసిబెల్స్ తగ్గుతాయి.

ఒక హారన్ 7 మీటర్ల దూరంలో 105 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. 14 మీటర్ల దగ్గర అది 99. 28 మీటర్ల దగ్గర 93. 56 మీటర్ల దగ్గర 87. ఇప్పుడు అలాంటిదే రెండో హారన్ పక్కన పెట్టాం. పెరిగేది 3 డెసిబెల్స్. అంటే ఇంతకుముందు 28 మీటర్ల దగ్గర వినిపించిన స్థాయి ఇప్పుడు సుమారు 40 మీటర్ల దగ్గర వినిపిస్తుంది. అదనంగా దక్కింది 12 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కనుక రెట్టింపు సామర్థ్యం పెట్టి మనం కొనుక్కున్నది ముప్పాతిక సెకను కంటే తక్కువ. కాలిని ముందుగానే బ్రేకు మీదికి తెచ్చే డ్రైవరు ఇంతకంటే ఎక్కువ సమయం ఖర్చు లేకుండా సంపాదిస్తాడు.

మరి నష్టం? అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. కూడలిలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్, రోడ్డు పక్కన అరటిపళ్ల బండి పెట్టుకున్న మనిషి ఆ పావుగంటను ఎన్నిసార్లు దాటుతారో ఆలోచించండి. మనం అర క్షణం నొక్కి వెళ్లిపోతాం. వాళ్లు సాయంత్రం దాకా అక్కడే ఉంటారు.

ముందు రోగం తెలుసుకోండి

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? కొత్త హారన్ కొనే ముందు పాతదానికి పరీక్ష చేయండి. ఇందుకు ఒక మామూలు మల్టీమీటరు చాలు.

కారు ఆన్‌లో ఉండగా హారన్ కప్లర్ దగ్గర మీటరు పెట్టి, మరొకరిని హారన్ నొక్కమనండి. 12 వోల్టులు, ఆ పైన చూపిస్తూ శబ్దం పీలగా ఉంటే లోపం హారన్‌లో ఉంది. 9, 10 వోల్టులే చూపిస్తే లోపం దారిలో ఉంది. ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉండవచ్చు, కప్లర్‌లో నీళ్లు చేరి ఉండవచ్చు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలాసార్లు పాత హారనే కొత్త గొంతుతో పలుకుతుంది.

మరో అనుమానం 12 వోల్టుల బ్యాటరీ మీద. విద్యుత్ కారులో ఉండేది పెద్ద బ్యాటరీ ఒక్కటే అనుకుంటారు చాలామంది. హారన్, లైట్లు, వైపర్లు, కంప్యూటర్లు నడిచేది మామూలు కార్లలో లాంటి చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్చులు పనిచేయాలన్నా ఈ చిన్న బ్యాటరీయే దిక్కు. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. కాబట్టి హారన్ నీరసించడం ఒక్కోసారి ఆ ప్రమాదానికి ముందస్తు సూచన. దాన్ని పట్టించుకోకుండా ఇంకా ఎక్కువ కరెంటు లాగే హారన్ పెడితే రోగానికి మందు బదులు బరువు వేసినట్టవుతుంది.

ముట్టుకోకూడని తీగలు

ఇవాళ్టి చాలా విద్యుత్ కార్లలో పెద్ద బ్యాటరీ వోల్టేజి 300, 400 వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. అది ఏకముఖ విద్యుత్తు. ప్రాణం తీయగలదు. ఆ తీగలకు నారింజ రంగు తొడుగు వేస్తారు. నారింజ రంగు కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి. దాన్ని పక్కకు జరపడం, దానికి టేపు చుట్టడం, హారన్ తీగను దానికి ఆనించి కట్టడం ఏదీ వద్దు.

కారు ఛార్జింగ్‌లో ఉండగా ఈ పని చేయవద్దు. కొన్ని కార్లు ఆగి ఉన్నప్పుడు కూడా తమంతట తామే మేలుకొని చిన్న బ్యాటరీకి ఛార్జి ఎక్కించుకుంటాయి. కనుక కారు పూర్తిగా ఆపి, తాళం దూరంగా పెట్టి, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన వ్యవధి ఆగి, ఆ పుస్తకంలో చూపిన క్రమంలో 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. చేతి ఉంగరం, వాచీ తీసేయండి.

స్టీరింగ్ మధ్య ఉన్న హారన్ మూతను విప్పవద్దు. దాని కింద ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ముందు బంపరు వెనక ఢీకొట్టడాన్ని గుర్తించే సెన్సర్లు, కొన్ని నమూనాలలో రాడార్ ఉంటాయి. హారన్ వాటికి అడ్డం రాకూడదు. బంపరు మొత్తం ఊడదీస్తే తప్ప హారన్ అందని కారు అయితే, అది ఆదివారం పని కాదు. సర్వీసు కేంద్రానికి వదిలేయండి.

రిలే ఎందుకు?

ఒక హారన్ సుమారు 4 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందనుకుందాం. నత్తగుల్ల ఆకారంలో ఉండే జంట హారన్లు 10 ఆంపియర్ల దాకా తీసుకోవచ్చు. పాత తీగలకే కొత్త జంటను తగిలిస్తే ఏమవుతుంది?

కంపెనీ తీగ మందం అర చదరపు మిల్లీమీటరు, రాకపోకల మొత్తం పొడవు 6 మీటర్లు అనుకుందాం. రాగి తీగ నిరోధం లెక్కకడితే సుమారు 0.2 ఓములు వస్తుంది. 4 ఆంపియర్లు పారితే తీగలోనే 0.8 వోల్టు పోతుంది. 10 ఆంపియర్లయితే 2 వోల్టులు పోతాయి. అంటే పెద్ద హారన్ కొన్నా దానికి తిండి తగ్గింది. ఇక వేడి సంగతి. కరెంటు రెండున్నర రెట్లయితే వేడి దాని వర్గంలో, అంటే ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. పైగా విద్యుత్ కారులో హారన్ బటన్‌కు, హారన్‌కు మధ్య ఒక కంప్యూటర్ పెట్టె ఉంటుంది. అది తట్టుకోలేనంత కరెంటు లాగితే పాడయ్యేది వందల రూపాయల హారన్ కాదు, వేల రూపాయల పెట్టె.

దీనికి విరుగుడు రిలే. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే స్విచ్ అది. రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసినవారికి రిలే గురించి చెప్పనక్కరలేదు. కారు రిలేకు నాలుగు కాళ్లుంటాయి. 85, 86 అన్నవి లోపలి తీగచుట్టవి. 30, 87 అన్నవి స్విచ్‌వి. తీగచుట్ట నిరోధం 80 ఓములైతే అది తీసుకునే కరెంటు 0.15 ఆంపియరు మాత్రమే. పాత తీగలకు అది లెక్కలోకే రాదు.

పని ఇలా సాగాలి.

మొదట పాత హారన్ కప్లర్ విప్పి, ఆ రెండు తీగలను రిలే 86, 85 కాళ్లకు చేర్చండి. పాజిటివ్ 86కు, నెగటివ్ 85కు. పాత కప్లర్‌ను కోయకుండా, దానికి సరిపోయే జత కప్లర్ కొని కలపండి. రేపు పాత హారన్ మళ్లీ బిగించాలంటే చిటికెలో పని అవుతుంది. లోపల డయోడ్ ఉన్న రిలే తీసుకోండి. కరెంటు ఆగిన క్షణంలో తీగచుట్టలో పుట్టే ప్రేరిత వోల్టేజి కంప్యూటర్ పెట్టె వైపు పోకుండా అది అడ్డుకుంటుంది.

రెండోది, 12 వోల్టుల బ్యాటరీ పాజిటివ్ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా 30వ కాలికి కొత్త తీగ వేయండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజు కాపాడేది తన తరవాత ఉన్న తీగనే గాని, ముందున్న తీగను కాదు. తీగ మందం 2.5 చదరపు మిల్లీమీటర్లు ఉంటే, మొత్తం 4 మీటర్ల పొడవుకు 10 ఆంపియర్ల దగ్గర పోయేది 0.3 వోల్టు లోపే.

మూడోది, 87వ కాలి నుంచి రెండు హారన్లకూ సమాంతరంగా తీగ. హారన్ల రెండో కొస రంగు గీకిన శుభ్రమైన ఎర్త్ బోల్టుకు. తీగ కొసలకు థింబుల్స్ నొక్కి బిగించండి. మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి ఒక్క వానాకాలం కూడా నిలవదు.

నాలుగోది, బిగింపు. హారన్‌తో వచ్చిన ఇనుప పట్టీతోనే, గట్టి లోహపు చట్రానికి బిగించండి. నత్తగుల్ల నోరు ముందుకు, కొంచెం కిందికి ఉండాలి. పైకి ఉంటే వాననీరు చేరుతుంది. హారన్ ఒంటికి ప్లాస్టిక్ గానీ తీగలు గానీ తగలకూడదు. తగిలితే అది జలజలమంటుంది, స్వరం చెడుతుంది. రేడియేటరుకు గాలి వెళ్లే దారి మూయకండి.

చివరగా అన్నీ సరిచూసుకొని బ్యాటరీ కలపండి. జనం లేని చోటికి వెళ్లి ఒక్క సెకను మోగించి చూడండి. తెర మీద ఏదైనా హెచ్చరిక దీపం వెలిగితే వెంటనే కొత్త అమరిక తీసి పాత కప్లర్ పెట్టేయండి. కొన్ని కార్లలో కంప్యూటర్ పెట్టె హారన్ తీసుకునే కరెంటును కూడా గమనిస్తుంది. అటువంటి కారుకు ఈ పద్ధతి పనికిరాదు. వారంటీ కాలం మిగిలి ఉంటే, పని మొదలుపెట్టక ముందే సర్వీసు కేంద్రం నుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి.

చట్టం గీసిన గీత

ఏ హారన్ కొనాలి? కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 119వ నిబంధన దీనికి సమాధానం చెబుతుంది. హారన్ పనితీరుకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1884. వాహనంలో దాని అమరికకు ఐ.ఎస్. 15796. కారుకు 7 మీటర్ల ముందు కొలిస్తే శబ్దం 93 నుంచి 112 డెసిబెల్స్ మధ్య ఉండాలి. ఒకదాని తరవాత ఒకటిగా రకరకాల స్వరాలు పలికే హారన్లు, కర్ణకఠోరంగా, బెదరగొట్టేలా మోగేవి నిషిద్ధం. అంబులెన్సు, అగ్నిమాపక వాహనం, పోలీసు వాహనం వంటివాటికే మినహాయింపు. రెండు హారన్లు కలిసి ఒకేసారి పలికితే అది నిషిద్ధం కాదు. మారుమారు స్వరాలు పలికితేనే తప్పు.

శబ్ద ప్రమాణాలు ఉల్లంఘించిన వాహనం నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తరవాత, మొదటిసారికే 10 వేల రూపాయల దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. లైసెన్సు మూడు నెలలు నిలిచిపోతుంది. అదే సవరణలో 194ఎఫ్ సెక్షన్ వచ్చింది. చక్కని హారన్‌నే అనవసరంగా మోగించినా, హారన్ నిషేధమన్న బోర్డు దగ్గర మోగించినా మొదటిసారి 1000, ఆపైన ప్రతిసారీ 2000 రూపాయలు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మాత్రమే పరిమితి. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45. నిశ్శబ్ద మండలంలో ఎప్పుడూ, నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, అత్యవసరమైతే తప్ప హారన్ మోగించకూడదు. బోద్రీలో హైకోర్టు ముందు నుంచి వెళుతున్నా, హైదరాబాదులో ఆసుపత్రి ముందు నుంచి వెళుతున్నా ముందుగా బోర్డు చూడండి.

రైలు నేర్పే పాఠం

రైలు పట్టాల పక్కన పసుపు రంగు బోర్డు మీద 'డబ్ల్యూ/ఎల్' అన్న అక్షరాలు చూసే ఉంటారు. ముందు లెవెల్ క్రాసింగ్ ఉంది, కూత వేయమని లోకో పైలట్‌కు సూచన అది. క్రాసింగ్‌కు కనీసం 600 మీటర్ల ముందు దాన్ని నిలబెడతారు. రైలు కూతలకు ఒక పట్టికే ఉంది. ఎన్ని కూతలు, ఎంత పొడవు, ఏ సందర్భంలో అన్నది అందులో రాసి ఉంటుంది. రైల్వే భద్రత కూత బలం ఒక్కదాని మీదే ఆధారపడలేదు. ఎక్కడ వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎందుకు వేయాలి అన్న క్రమం మీద కూడా ఆధారపడింది.

మన కారు హారన్‌కు అలాంటి పట్టిక లేదు. దాన్ని మనమే మనసులో రాసుకోవాలి. మలుపు కనబడని చోట ఒకసారి. రహదారి మీద ముందు వాహనాన్ని దాటేటప్పుడు ఒకసారి. సందులో మనిషి అడ్డం ఉంటే ముందు బ్రేకు, తరవాత ఓపిక. ఆగిన వరసలో అసలే వద్దు.

ఇవాళ తెలుసుకున్నది క్లుప్తంగా చెప్పుకుందాం. ముందు వోల్టేజి కొలవండి. అవసరమైతేనే మార్చండి. మార్చితే తీవ్రత కోసం కాక స్వరం కోసం మార్చండి. రిలే, ఫ్యూజు, సరైన మందం గల తీగ లేకుండా మార్చకండి. నారింజ తీగ జోలికి పోకండి. ప్రమాణం దాటకండి.

ఇంటి దగ్గర చేయడానికి రెండు పనులు. మొదటిది: మీ హారన్ తీగ పొడవు, మందం కనుక్కొని 4 ఆంపియర్లకు, 10 ఆంపియర్లకు ఎంత వోల్టేజి పోతుందో లెక్క వేయండి. రాగికి ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందానికి నిరోధం 0.0172 ఓము. రెండోది: ఒక వారం పాటు మీరు హారన్ నొక్కిన ప్రతిసారీ ఇంటికి వచ్చాక కాగితం మీద ఒక గీత గీయండి. అది నొక్కకపోయినా ప్రమాదం జరిగేది కాదు అనిపించిన వాటికి సున్నా చుట్టండి. వారాంతంలో సున్నాలు లెక్కపెట్టాక, కొత్త హారన్ కొనాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి.